కొవ్వు కరుగవలెను, కండ నిలువవలెను

మన ప్రాచీన వైద్యగ్రంథములలో వ్యాయామమును గూర్చి విపులముగా చెప్పిన వానిలో సుశ్రుతసంహిత యొకటి. వ్యాయామమువలన గలుగు లాభములను ఎన్నుచు ఆ గ్రంథము ‘సువిభక్తత’ అను మాట నొకదానిని వాడినది. అవయవములు దేనికది తీరుగా విడివడి స్పష్టముగా కానవచ్చుట యని దాని భావము. ఆ ప్రకరణముననే, స్థౌల్యమును తగ్గించుటకు వ్యాయామముతో సమానమైన సాధనము మరియొకటి లేదనియు చెప్పబడినది. నేడు వ్యాయామశాలలకు పోవు యువకులు కోరునది సరిగా ఈ రెండే. కొవ్వు పోవలెను, కండల తీరు మాత్రము చెడరాదు. అయితే ఈ రెండును ఒక్క పనివలననే సిద్ధించునా, లేక వేరువేరు పనులు వలయునా? వినుటకు చిన్న ప్రశ్నయే గాని, దీనికి నిలుకడగల సమాధానము దొరకుటకు ఇరువదవ శతాబ్దము దాదాపు గడిచిపోవలసి వచ్చెను. ఆ సమాధానము తేలిన క్రమమును, అందు మనవంటి కార్యాలయోద్యోగులు వహించిన విచిత్రమైన పాత్రను చదువరులకు విన్నవించుటయే నా యుద్దేశము.

సుశ్రుతుడు వ్యాయామమునకు ఒక కొలతను గూడ చెప్పెను. మనుష్యుడు తన బలములో సగముమేరకే శ్రమింపవలెనట. ఆ సగము వచ్చినదని తెలియుట యెట్లు? ఊపిరి ముక్కున చాలక నోటికి వచ్చునప్పుడు అర్ధబలము తీరినదని తెలిసికొనవలెను. గడియారమును నాడి కొలుచు యంత్రమును లేని కాలమున ఇంతకంటె మంచి కొలత దొరకదు. నేటి వైద్యులు సయితము, మాటలాడగలిగి పాట పాడజాలని వేగమున నడువుడని చెప్పుటలో వాడుచున్నది ఇట్టి ఊపిరి కొలతయే. చరకుడు నిందితములైన దేహములను ఎనిమిదింటిని పేర్కొనుచు అతిస్థూలునితోపాటు అతికృశుని గూడ ఆ పట్టికలో చేర్చెను. చిక్కిపోవుట ఆరోగ్యలక్షణముగా మన పూర్వులు తలంపలేదు.

ఆచరణలో ఇది యెట్లుండెనో చూడవలెనన్న మనకు దూరము పోనక్కరలేదు. విజయనగరమును 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేసు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసిపెట్టినాడు. రాబర్టు స్యూయెల్ 1900లో ప్రకటించిన గ్రంథముద్వారా అది మనకు సులభముగా లభించినది. తెల్లవారకముందే రాయలు ముప్పాతిక పింటు నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల అదే నూనె పట్టించుకొని, చిన్న గుడ్డ కట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తెడివాడట. పిదప కత్తి పట్టి, నూనె యంతయు చెమటగా పోవువరకు సాము చేసి, తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టెడివాడు. ఇంతటితో ఆగక గుఱ్ఱమెక్కి మైదానమున తెల్లవారువరకు స్వారి చేసి, ఆ తరువాతనే స్నానమునకు లేచెడివాడు.

ఈ వరుసను కొంచెము నిదానించి చూడవలెను. మొదట బరువులు, ఇవి కండకు. తరువాత కత్తిసాము, కుస్తీ. ఇవి కండకును ఊపిరికిని. చివర స్వారి. ఒక్క ఉదయమున ఒక్క దేహముపై రెండు విధములైన శ్రమలును పడుచున్నవి. అయినను పేసు రాయల రూపమును వర్ణించుచు, మధ్యమమైన పొడవు, చక్కని ఆకృతి యని చెప్పి, దేహము సన్నము కంటె లావువైపునకే మొగ్గియుండెనని వ్రాసెను! మన కవులు ఈ మాట చెప్పియుండరు. కాని ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. ముప్పాతిక పింటు నూనెలో మూడువేల కేలరీలకు మించిన శక్తి కలదు. కుర్చీలో కూర్చుండి పనిచేయు గుమాస్తాకు దినమంతటికి వలయు ఆహారశక్తికంటె అది యెక్కువ. ఎంతటి వీరుడైనను నోటితో తీసికొన్నదానిని కత్తితో సులభముగా ఖర్చుపెట్టలేడు. వ్యాయామమొక్కదానితోనే చిక్కిపోగోరువారు రాయల నూనెగిన్నెను తలచుకొనుట మంచిది.

నూనె చెమటగా పోవునని పేసు వ్రాసినదియు నేటికిని చాలమందికి గల నమ్మకమే. ఎండలో మందపు కోటు తొడిగికొని పరుగెత్తువారిని మనము చూచుచునే యున్నాము. చెమటవలన పోవునది నీరు. రెండు గ్లాసులు త్రాగిన మరల వచ్చును. కరిగిన కొవ్వు ఏ త్రోవను పోవునో 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్కవేసి చూపిరి. పది కిలోల కొవ్వు దేహమున పూర్తిగా దగ్ధమైనచో, అందు 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితో వెడలిపోవును, తక్కిన 1.6 కిలోలే నీరగును. ఊపిరినే కొలతగా పెట్టుకొన్న సుశ్రుతుని దృష్టి ఎంత సరియైనదో ఇందువలన తెలియుచున్నది.

మన గరిడీలలోను తాలింఖానాలలోను దండీలు, బస్కీలు, కఱ్ఱసాము, కుస్తీ కలిసియే యుండెడివి. ఇది కండకు, ఇది ఊపిరికి అని వస్తాదులు విడదీయలేదు. విడదీసినది పాశ్చాత్యదేశముల నూతన వ్యాయామోద్యమము. జర్మనీలో 1867లో జన్మించిన యూజెన్ శాండో తన దేహమునే ఒక ప్రదర్శనవస్తువుగా చేసి, ఫొటోలలో ఒక్కొక్క కండ విడిగా కనబడునట్లు నిలిచి, లోకమున కొత్త యాకాంక్షను పుట్టించెను. 1901లో లండనులోని రాయల్ ఆల్బర్టు హాలున అతడు నడిపిన దేహసౌష్ఠవ పోటీకి న్యాయనిర్ణేతలలో షెర్లాక్ హోమ్సు సృష్టికర్త కోనన్ డాయిల్ ఒకడు. 1904–05లో శాండో భారతదేశమునకును వచ్చెను. ఆ కాలముననే మన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కసు రంగమున గుండెపై ఏనుగు నెక్కించుకొని, మోటారుకార్లను పట్టి నిలిపి, దేశదేశముల పేరు గాంచెను. ఆయన మాంసము ముట్టనివాడు. తన శక్తికి ప్రాణాయామము మూలమని చెప్పుకొన్నవాడు. ఆయనను గూర్చి వేరొక వ్యాసమే వ్రాయవలసియున్నది. ఇక్కడ చెప్పదగినదేమన, శాండో మార్గము వ్యాపించినకొలది బరువులెత్తువారు ఒక తెగగాను, పరుగెత్తువారు ఒక తెగగాను చీలిపోయిరి. బరువులెత్తిన దేహము బిగిసి చురుకుతనము కోల్పోవునని వ్యాయామశిక్షకులే చాలకాలము నమ్మిరి. పరుగెత్తినచో కండ కరగిపోవునని బరువులవారు నమ్మిరి. ఇరువురి వద్దను ప్రమాణము లేదు.

ప్రమాణము మొదట దొరకినది లండను బస్సులలో. అది గూడ కండలను గూర్చి కాక గుండెను గూర్చి వెదకుచుండగా దొరకెను. జెరెమీ మారిసు అను వైద్యుడు 35 మొదలు 64 ఏండ్ల వయస్సుగల లండను రవాణాసంస్థ పనివారు దాదాపు 31,000 మందిని పరిశీలించి, 1953లో ఫలితములను ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించెను. బస్సు ఒక్కటే, అందు మనుష్యులిద్దరు. డ్రైవరు పనివేళలో నూటికి తొంబదిపాళ్లు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లకై రెండంతస్తుల బస్సులో దినమునకు 500 నుండి 750 మెట్లు ఎక్కుచుండును. జీతములలోను బ్రదుకులోను పెద్ద భేదము లేదు. అయినను డ్రైవర్లకంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినను ఆలస్యముగా, తక్కువ తీవ్రతతో వచ్చుచుండెను. తపాలాశాఖలో ఉత్తరములు పంచువారిని, బల్లయొద్ద కూర్చుండువారిని పోల్చి చూచినను అదే కథ.

ఆక్షేపణలు రాకపోలేదు. అసలే లావైనవారు డ్రైవరు పనిలో చేరుచుందురేమో! మారిసు ఈ సందేహమును దాటవేయలేదు. సంస్థవారు పనివారికి కుట్టించి యిచ్చు దుస్తుల కొలతల పుస్తకములు తెప్పించి, అతడును అతని సహచరులును 1956లో మరియొక వ్యాసము ప్రకటించిరి. ఏ వయస్సున చూచినను డ్రైవర్ల లాగుల నడుముకొలత కండక్టర్లకంటె పెద్దదిగనే తేలినది, పడుచువారిలో సయితము! అనగా ఆక్షేపణలో కొంత నిజమున్నది. తన సిద్ధాంతమునకు ఎదురు నిలిచిన సాక్ష్యమును తానే వెదకి అచ్చువేయించిన ఈ పరిశోధకుని నిజాయితీకి నేను చేయి జోడింతును.

అప్పుడు మారిసు మన జాతివారివైపు తిరిగెను: ప్రభుత్వోద్యోగులవైపు. ఉద్యోగము అందరికిని బల్లపనియే యైనచో, ఉద్యోగముచేత వచ్చు భేదము తొలగిపోవును గదా. 1968–70 మధ్య బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయములలో మధ్యశ్రేణి అధికారులు, 40 మొదలు 64 ఏండ్లవారు, సుమారు 17,000 మందిని అతడు ఎన్నుకొనెను. ముందుగా చెప్పకయే సోమవారము ఉదయమున కాగితమిచ్చి, గడచిన శుక్ర శనివారములలో ఏయే వేళ ఏమేమి చేసినదియు వ్రాయుమనెను. ముందు తెలిసినచో ఉద్యోగులు ఆ రెండు దినములు తోటపని ఉత్సాహముగా చేసియుందురని అతనికి తెలియును! 1973లో వచ్చిన ఫలితమిది: సెలవువేళల ఊపిరి పెరుగునంత గట్టి శ్రమ చేయువారికి గుండెజబ్బు అపాయము, అట్టిది చేయనివారికి గలదానిలో మూడవవంతు మాత్రమే. మందగతితో చేయు చిల్లరపనులకు ఆ రక్షణ కనబడలేదు. మారిసు తొంబదితొమ్మిది ఏండ్లు జీవించి 2009లో గతించెను.

మనదేశముననే, 1956లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన గలదు. పశ్చిమవంగమున ఒక జనపనార మిల్లులో 213 మందిని జాన్ మేయరు అను అమెరికా శాస్త్రజ్ఞుడు వంగీయ సహచరులతో కలిసి పరిశీలించెను. బరువుపని చేయువారు ఎక్కువ తినుట సహజమే. వింత యేమన, కూర్చుండి పనిచేయువారు తేలికపని చేయువారికంటె ఎక్కువ తినుచుండిరి, లావుగను ఉండిరి. కదలిక ఒక హద్దునకు తగ్గినపుడు ఆకలి దానితోపాటు తగ్గదు. బల్లపని చేయువారెల్లరు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

అమెరికా వైమానికదళ వైద్యుడు కెన్నెత్ కూపరు 1968లో ‘ఏరోబిక్స్’ అను పుస్తకము వ్రాసెను. పండ్రెండు నిమిషములలో ఎంతదూరము పరుగెత్తగలవో దానినిబట్టి నీ దేహస్థితిని తెలిసికొనవచ్చునని ఆయన చెప్పగా, జనులు వీధులబడి పరుగెత్తసాగిరి. నేడు యువకులు కార్డియో అని ముద్దుగా పిలుచుకొనుచున్నది ఈ మార్గమే. గుండెకిది మేలనుటలో సందేహము లేదు. మరి కండ మాటేమి?

దీనికి సమాధానము అప్పటికే ఒకచోట వ్రాసియుండెను గాని, ఆ పుస్తకమును ఈ ప్రశ్నతో ఎవరును తెరువలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియువేళ, ఆకలిచే కృశించిన ఐరోపా ప్రజలకు తిరిగి ఎట్లు తిండిపెట్టవలెనో తెలిసికొనుటకై ఆన్సెల్ కీసు అను శాస్త్రజ్ఞుడు మినెసోటా విశ్వవిద్యాలయమున, క్రీడామైదానపు మెట్లక్రింది గదులలో, ఒక కఠినపరీక్ష జరిపెను. అంతరాత్మ ఒప్పక యుద్ధమున ఆయుధము పట్టనన్న యువకులు 36 మంది తమంతట తామే దీనికి ముందుకు వచ్చిరి. 1945లో ఇరువదినాలుగు వారములు వారికి దినమునకు సుమారు 1,570 కేలరీల ఆహారము మాత్రమే పెట్టిరి. అందు ముఖ్యమైనవి బంగాళాదుంపలు, ముల్లంగిజాతి దుంపలు, రొట్టె. వారమునకు 22 మైళ్లు నడువవలెనని నిబంధన.

అర్ధాహారము, దానితోడ నడక. ఈనాడు పెండ్లి ముహూర్తమునకు మూడునెలలు ముందు మన యువతీయువకులు తమకు తాము విధించుకొను నియమమును ఇదియే గదా! వారు బరువులో నాల్గవవంతు పోగొట్టుకొనిరి. కొవ్వు కరగినది, దానితో కండయు కరగినది. బలము క్షీణించెను, గుండె పరిమాణము తగ్గెను, నాడి మందగించెను, మెట్లెక్కుటయే గండమాయెను. నడక వారి కండను కాపాడలేదు. కీసు 1950లో ప్రకటించిన రెండు సంపుటముల గ్రంథమున మరియొక కఠోరసత్యము కలదు. మరల కడుపునిండ తిండి పెట్టగా మొదట తిరిగివచ్చినది కొవ్వు. కండ వెనుకబడి మెల్లగా వచ్చెను. అనగా, ఉపవాసముతో చిక్కి మరల బలిసినవాడు పూర్వపు బరువునకే వచ్చినను పూర్వపు మనుష్యుడు కాడు. అతనిలో కండపాలు తగ్గి కొవ్వుపాలు హెచ్చియుండును. ఏటేట ఇట్లు చిక్కి బలియువారికి త్రాసు చెప్పని నష్టమిది.

కండ నిలుచుటకు బరువు కావలెనని అదే 1945లో అమెరికా సైనికవైద్యుడు థామసు డిలార్మ్ ప్రకటించియుండెను. గాయపడిన సైనికుల క్షీణించిన కాళ్లకు క్రమక్రమముగా హెచ్చు బరువులనిచ్చి వారిని నిలబెట్టెను. కాని పరుగు, బరువు కలిపినచో ఏమగునో 1980 వరకు ఎవరును క్రమముగా కొలువలేదు. రాబర్టు హిక్సన్ బరువులెత్తుట అలవాటుగా గలవాడు. పరుగునందు ఆసక్తిగల తన ఆచార్యునితో కలిసి పరుగెత్తసాగిన పిమ్మట తన కండ తరుగుట గమనించి, సంగతి తేల్చుకొనవలెనని పరీక్షకు పూనుకొనెను. ఒక జట్టు వారమునకు అయిదు దినములు బరువులెత్తెను. ఒకటి ఆరు దినములు పరుగును సైకిలును సాగించెను. మూడవది రెండును చేసెను. పది వారములలో మూడవ జట్టువారి ఊపిరిశక్తి పరుగువారితో సమానముగా పెరిగెను. కాళ్ల బలము మాత్రము ఏడు వారములవరకు పెరిగి, నిలిచి, చివర తగ్గుముఖము పట్టెను. బరువులవారి పాతభయమునకు ఇన్నాళ్లకు కొంత ఆధారము దొరకినది. కాని వారమునకు పదునొకండు పర్యాయములు శ్రమించు మూడవజట్టు గతి, సామాన్యునికి వర్తింపదు. మితముగా చేసినచో ఈ సంఘర్షణ స్వల్పమనియు, పరుగుకంటె సైకిలువలన మరియు తక్కువ యనియు తరువాతి పరిశోధనలు చూపినవి.

పండితసంఘములు సయితము ఆలస్యముగనే మేల్కొనినవి. అమెరికా క్రీడావైద్య కళాశాలయను సంస్థ 1978లో ప్రజలకిచ్చిన సలహాలో ఊపిరి వ్యాయామమే కలదు. బరువుల మాట 1990లో గాని చేరలేదు. నిర్ణయముగా చెప్పదగిన పరీక్ష 2017లో వచ్చెను. అరువదియైదు ఏండ్లు దాటిన స్థూలకాయులకు ఆహారము తగ్గించి, మూడు జట్లకు మూడు విధముల వ్యాయామము నేర్పిరి. ఆరు నెలలలో మూడు జట్లకును బరువు సుమారు నూటికి తొమ్మిది తగ్గెను. త్రాసు దృష్టిలో మూడును ఒక్కటే. కాని కొవ్వు తీసివేయగా మిగిలిన దేహభాగము, నడకలు మాత్రమే చేసినవారిలో నూటికి అయిదు, బరువులెత్తినవారిలో రెండు, రెండును చేసినవారిలో మూడు తగ్గెను. లేచుట, నడచుట, మెట్లెక్కుట మొదలగు పనులలో అందరికంటె బాగుపడినది రెండును చేసినవారే.

ఇది కేవలము అద్దమున చూచుకొను సొగసు సంగతి యని చదువరులు తలంపరాదు. పూనాకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్, లండనుకు చెందిన యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ యిరువురి ఫొటోను ప్రచురించిరి. ఎత్తునుబట్టి బరువును చూచు కొలత ఇరువురికిని 22.3; చూచుటకు ఇరువురును సన్ననివారే. కాని దేహమున కొవ్వు లండను వైద్యునికి నూటికి 9.1 పాళ్లు, మన వైద్యునికి 21.2 పాళ్లు. ఆయన మారథాను పరుగులు పెట్టువాడు. తన ముఖ్యవ్యాయామమో, ప్రతి ఉదయము ఆసుపత్రిలో మూసికొనుచున్న లిఫ్టు తలుపులను అందుకొనుటకు చేయు పరుగు, అని యాజ్ఞిక్ పండితుడు చమత్కరించెను. భారతీయులలో సన్నగా కనబడువారికి గూడ చక్కెరవ్యాధి ఎందుకు వచ్చుచున్నదో ఇందు కొంత తెలియును. భోజనానంతరము రక్తమునందలి చక్కెరను ఎక్కువగా గ్రహించునది కండ. కండ తక్కువగా పుట్టి, కుర్చీలో దానిని మరింత తగ్గించుకొని, పిదప బరువు తగ్గవలెనని అన్నము మాని నడకలు మాత్రమే నడచువాడు, ఉన్న కాస్త పెట్టుబడిని గూడ వ్యయము చేసికొనుచున్నాడు.

కొవ్వు తగ్గించుకొనగోరు ఉద్యోగి మొదట పళ్లెములో కొంచెము తగ్గించుకొనవలెను. తగ్గించునది అన్నము, నూనె, మిఠాయిలలోనే గాని పప్పు, పెరుగు, గ్రుడ్లలో కాదు. 2016లో కెనడాలో నలువది మంది యువకులకు నాలుగు వారములు ఆహారమును నూటికి నలువదిపాళ్లు తగ్గించి, కఠినవ్యాయామము చేయించిరి. మాంసకృత్తులు హెచ్చుగా తిన్నవారు 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకొనియు 1.2 కిలోల కండ కూడబెట్టిరి. తక్కువ తిన్నవారికి పోయిన కొవ్వు 3.5 కిలోలు, కండ ఉన్నంతయే. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడుగక ఈ మార్పు చేయరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పిన ప్రకారము వారమునకు 150 మొదలు 300 నిమిషముల చురుకైన నడకయు, రెండు దినములైనను కండలకు పనియు వలయును. ఈ రెండవదానికి శాండో డంబెల్సు అక్కరలేదు. దండీలు, బస్కీలు చాలును. ఒకే ఉదయమున రెండును చేయువారు ముందు బరువు, తరువాత పరుగు అను వరుస పాటించినచో కాళ్లబలమునకు మేలు. రాయలు ఆ వరుసనే పాటించెను. నూనె సంగతి వేరు. ఇక నాలుగవ అంతస్తులో కార్యాలయము గలవారు దినమునకు రెండు మూడు పర్యాయములు మెట్లెక్కినను, లండను కండక్టరు ఎక్కిన మెట్లలో కొంతభాగమునకు చేరుదురు.